ఆకలి తెలిసిన తల్లి – పండిత రమాబాయి

చరిత్ర పాఠాల్లో సంఘ సంస్కర్తల పేర్లు వచ్చినప్పుడు రాజా రామమోహనరాయ్, ఈశ్వరచంద్ర విద్యాసాగర్, మహదేవ గోవింద రానడే, మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు – ఇట్లా వరసగా చెప్పుకుంటూ పోతాం. ఆ వరసలో పండిత రమాబాయి పేరు ఎక్కడో ఒక మూల, ఒక్క వాక్యంలో కనిపించి మాయమవుతుంది. శారదా సదనాన్ని స్థాపించినది ఎవరు అని పరీక్షలో అడిగితే ఆ పేరు రాసేసి, రెండు మార్కులు వేయించుకుని ఊరుకుంటాం. ఆ రెండు మార్కుల వెనక ఎంత బతుకు ఉన్నదో మనలో చాలామందికి తెలియదు.

ఆమె చేసిన పనుల పట్టిక ఇవ్వడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పదహారేళ్ళ వయస్సులో తల్లినీ తండ్రినీ ఆకలికి అప్పగించిన పిల్ల, ఇరవై నాలుగో ఏట చంటిబిడ్డతో వితంతువైన పిల్ల, లోకం మీద కసి పెంచుకోకుండా, తనలో తాను కుంగిపోకుండా, దాదాపు రెండు వేలమందికి అన్నం పెట్టే తల్లి ఎట్లా కాగలిగింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే ఇక్కడ మన పని. ఆ జవాబులో ఆమె క్రైస్తవ విశ్వాసానికి పెద్ద చోటు ఉన్నది. ఆ విశ్వాసం మనకు ఉన్నా లేకపోయినా, దాన్ని పక్కన పెట్టి ఆమె కథ చెప్పడం సాధ్యం కాదు.

అడవిలో చదువు

పడమటి కనుమల్లో గంగామూల అనే చోటు ఉన్నది. తుంగ, భద్ర నదులు పుట్టేది అక్కడే. ఆ రెండూ ఒకటై, తుంగభద్రగా మన కర్నూలును ఒరుసుకుంటూ వచ్చి కృష్ణలో కలుస్తాయి. ఆ గంగామూల అడవిలో 1858 ఏప్రిల్ 23న రమాబాయి పుట్టింది.

తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, సంస్కృతంలో మేటి పండితుడు. పూనాలో చదువుకునే రోజుల్లో ఆయన గురువు పీష్వాగారి భార్యకు సంస్కృతం చెబుతూ ఉండేవాడు. ఆడమనిషి నోట శ్లోకం వినడం శిష్యుడికి వింతగానూ ఉంది, ముచ్చటగానూ ఉంది. తన ఇల్లాలికి కూడా చదువు చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. మొదటి భార్య అందుకు ఒప్పుకోలేదు. ఆమె పోయిన కొన్నాళ్ళకు, గోదావరి ఒడ్డున యాత్రలో కలిసిన ఒక బ్రాహ్మణుడు తన తొమ్మిదేళ్ళ కూతురు లక్ష్మిని ఆయనకిచ్చి పెళ్ళి చేశాడు. పెళ్ళికొడుక్కి నలభై దాటాయి. ఈనాడు వింటే మనస్సు చివుక్కుమంటుంది. ఆనాడు ఎవరికీ అది తప్పుగా తోచలేదు. కాని ఆ చిన్నపిల్లకు ఆయన అక్షరాలు నేర్పడం మాత్రం అందరికీ తప్పుగా తోచింది! ఉడిపిలో పండితుల సభ ముందు నిలబడి ఆయన సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. శాస్త్రాలు తిరగేసి, స్త్రీ చదవకూడదని లేదని వాదించి నిలబడ్డాడు. అయినా ఊళ్ళో గొడవలు పడలేక భార్యతో అడవికి వెళ్ళి, అక్కడ ఆశ్రమం కట్టుకుని శిష్యులకు చదువు చెప్పుకుంటూ ఉండిపోయాడు.

వచ్చిన వాడికల్లా అన్నం పెట్టే ఇల్లు అది. ఉన్న ఆస్తి కరిగిపోయింది, అప్పులు మిగిలాయి. రమాబాయికి ఆరునెలలప్పుడు కుటుంబమంతా ఆశ్రమం వదిలి దేశం మీద పడ్డది. పసిపిల్లను వెదురుబుట్టలో పెట్టి ఒక మనిషి నెత్తిన మోసుకుని కొండ దిగాడు. అక్కడినుంచి వాళ్ళ జీవితమంతా యాత్రే. ఏ క్షేత్రానికి వెళితే అక్కడ గుడి ముందరో, నది ఒడ్డునో కూర్చుని పురాణం చదవడం, వినవచ్చినవాళ్ళు సమర్పించిన దానితో బతకడం. తెల్లవారుజామున తల్లి పిల్లను లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేది. పుస్తకం లేదు, పలక లేదు, అంతా నోటి చదువే. పట్టుమని పదిహేనేళ్ళు రాకముందే భాగవతం పద్ధెనిమిది వేల శ్లోకాలూ ఆ పిల్లకు కంఠతా వచ్చాయి. అక్కగారికి చిన్నతనంలో చేసిన పెళ్ళి కష్టాలపాలు కావడంతో, తండ్రి రమకు ఆ వయస్సులో పెళ్ళి తలపెట్టలేదు. ఆ రోజుల్లో అదెంత సాహసమో వేరే చెప్పనక్కరలేదు.

సజ్జరొట్టె

1870ల్లో దక్షిణాదిని కరువు పట్టింది. పురాణం వినే దాతలే తిండికి లేక అల్లాడుతుంటే పౌరాణికుడికి ఏం ముడుతుంది? ఉన్న డబ్బు వ్రతాలకూ దానాలకూ అయిపోయింది. నగలు పోయాయి. వెండి సామాను పోయింది. చివరికి ఇత్తడి చెంబులు కూడా అమ్ముకున్నారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ కుటుంబానికి శాస్త్రాలు తెలుసుగాని చేతిపని తెలియదు. కూలికి వెళ్ళాలంటే కులం అడ్డం వచ్చేది, బిచ్చమెత్తాలంటే మానం అడ్డం వచ్చేది. తరవాత కాలంలో రమాబాయి ఈ సంగతిని ఎక్కడా దాచుకోలేదు.

మన తిరుపతి కొండల దగ్గరికి వచ్చేసరికి ఆఖరి బియ్యపుగింజ కూడా అయిపోయింది. చచ్చిపోదామనే అడవిలోకి నడిచారు. పదకొండు రోజులు ఆకులూ నీళ్ళూ, గుప్పెడు ఈతపళ్ళు. తండ్రికి చూపు మందగించింది, ఒంట్లో సత్తువ లేదు. కోనేటిలో దిగి ప్రాణం వదిలేస్తానని ఆయన ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకోవడం మొదలుపెట్టాడు. అందరికన్న చిన్నదైన రమను గుండెకు హత్తుకుని, దేవుణ్ణి విడవవద్దని, మర్యాదగా బతకమని చెప్పుకున్నాడు. అప్పుడు కొడుకు శ్రీనివాసశాస్త్రి అడ్డుపడ్డాడు. కులం గొప్ప గంగలో కలవనీ, నేను కూలిపనికి వెళతానని తేల్చి చెప్పాడు. ఎట్లాగో అడవి దాటి ఒక ఊళ్ళో గుడి పంచన చేరారు. కాని అప్పటికే ఆలస్యమైంది. కొద్దిరోజులకే తండ్రి కన్నుమూశాడు. అది 1874.

మిగిలిన నలుగురూ నానా బాధలూ పడి రాయచూరు చేరారు. అక్కడ తల్లి జ్వరంతో మంచాన పడింది. ఒకరోజు ఆమెకు ఒక్క సజ్జరొట్టె ముక్క తినాలని ప్రాణం లాగింది. రమ పక్కింటి బ్రాహ్మణుల గడపలోకి వెళ్ళి నిలబడింది. ఏం కావాలమ్మా అని ఆ ఇల్లాలు అడుగుతున్నా ఆ పిల్లకు నోరు పెగల్లేదు. అడుక్కోవడం ఎప్పుడూ చేసిన పని కాదు. కళ్ళవెంట నీళ్ళు మాత్రం కారుతున్నాయి. ఆ తల్లి అర్థం చేసుకుని రొట్టె పెట్టింది. తీరా తెచ్చి నోటికందిస్తే తల్లి దాన్ని మింగలేకపోయింది. స్పృహ తప్పింది, మళ్ళీ కోలుకోలేదు.

శవాన్ని మొయ్యడానికి ఎవరూ రాలేదు. ఎక్కడివాళ్ళో, ఏ కులంవాళ్ళో తెలియదన్నారు. చివరికి ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి వచ్చారు. మూడో కొమ్ము అన్న పట్టుకున్నాడు, నాలుగో కొమ్ముకు మనిషి లేడు. రమ పొట్టిపిల్ల. భుజం మీద పెట్టుకుంటే పాడె వాలిపోతుంది. అందుకని నెత్తిన పెట్టుకుని శ్మశానం దాకా కన్నతల్లిని మోసింది. కొన్ని నెలలకు అక్క కూడా పోయింది.

ఈ సజ్జరొట్టెనూ, ఈ నాలుగో కొమ్మునూ మనం గుర్తు పెట్టుకోవాలి. ముందుముందు వీటితో మనకు పని ఉన్నది.

పొగడ్తలూ, కొత్త దెబ్బలూ

ఇక అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. దక్షిణం నుంచి కాశ్మీరం దాకా కాలినడకన తిరిగారు. నడిచిన దూరం నాలుగు వేల మైళ్ళు దాటిందంటారు. జీలం నది ఒడ్డున చలికి కప్పుకోను గుడ్డ లేక, ఇసుకలో గొయ్యి తీసి మెడదాకా కప్పుకుని పడుకున్న రాత్రులు ఉన్నాయి. చెప్పిన నోములన్నీ నోచారు. మొక్కిన మొక్కులు ఫలించలేదు. పెద్దలు నేర్పిన నమ్మకం మెల్లగా సడలిపోయింది, దాని చోటికి కొత్తది ఏదీ రాలేదు.

1878లో కలకత్తా చేరేసరికి రోజులు మారాయి. ఇరవై ఏళ్ళ ఆడపిల్ల సంస్కృతంలో ధారాళంగా మాట్లాడటం విని పండితులు నివ్వెరపోయారు. పరీక్షించి, పండిత అనీ సరస్వతి అనీ బిరుదులిచ్చారు. కేశవచంద్రసేన్ ఆమెకు వేదగ్రంథం బహూకరించి చదవమన్నాడు. బంగాళంలో ఊరూరా ఆమె స్త్రీ విద్య మీద ఉపన్యాసాలిచ్చింది. కాని చదివిన కొద్దీ, స్త్రీలను గురించీ శూద్రులను గురించీ శాస్త్రాల్లో ఉన్న మాటలు ఆమెను కలవరపెట్టాయి.

1880 మే నెలలో ఢాకాలో అన్న శ్రీనివాసుడు కన్నుమూశాడు. నా అన్నవాళ్ళెవరూ లేరు. అదే ఏడాది, అన్నకు స్నేహితుడైన బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ ప్లీడరును ఆమె రిజిస్టరు వివాహం చేసుకుంది. కులం వేరు, భాష వేరు. రెండువైపుల వాళ్ళూ వెలి వేశారు. అయినా సిల్చార్‌లో ఆ చిన్న కాపురం చక్కగా సాగింది. 1881 ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది, మనోరమ అని పేరు పెట్టుకున్నారు. భర్త పుస్తకాల్లో ఒకనాడు ఆమెకు బెంగాలీలో అచ్చయిన లూకా సువార్త దొరికింది. చదివింది, నచ్చింది. అక్కడి బాప్టిస్టు మిషనరీ దగ్గర మరికొంత తెలుసుకుంది. భర్తకు అది ఇష్టం లేకపోయింది. ఆ మాట అంతటితో ఆగింది.

మన రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. సరిగ్గా రెండు నెలలు తిరక్కముందే, 1882 ఫిబ్రవరిలో, సిల్చార్‌లో మేధావి కలరాతో పోయాడు. పది నెలల పిల్లతో రమాబాయి కూడా ఆ కాలపు వితంతువుల సంఖ్యలో చేరింది.

ఇన్ని దెబ్బలు తిన్నది ఏమవుతుంది పాపం, ఏ మూలనో కూర్చుని ఏడుస్తుంది అనుకుంటాం. ఆమె పూనా వెళ్ళింది. రానడే ప్రభృతుల సాయంతో ఆర్య మహిళా సమాజం పెట్టింది. మరాఠీ నేర్చుకుని స్త్రీధర్మనీతి అనే పుస్తకం రాసింది. విద్యా విషయాలు విచారించ వచ్చిన హంటర్ కమిషన్ ఎదుట నిలబడి, ఆడపిల్లలకు పంతులమ్మలు కావాలి, ఆడ డాక్టర్లు కావాలి అని సాక్ష్యం చెప్పింది. తానే డాక్టరవుదామని 1883లో బిడ్డను తీసుకుని ఇంగ్లండుకు ఓడ ఎక్కింది.

వాంటేజ్ నుంచి ఫుల్‌హామ్‌కు

ఇంగ్లండులో వాంటేజ్ అనే ఊళ్ళో ఆంగ్లికన్ సన్యాసినుల మఠంలో బస. వాళ్ళకు మరాఠీ నేర్పి తన ఖర్చు గడుపుకున్నది. అక్కడే వెంట వచ్చిన స్నేహితురాలు దారుణంగా చనిపోయింది. చెవులు వినిపించకుండా పోతున్నాయి. డాక్టరు చదువు మీద ఆశ అడుగంటింది. ఆ పరిస్థితుల్లో, 1883 సెప్టెంబరు 29న ఆమె కూతురితో సహా బాప్తిస్మం పుచ్చుకున్నది.

ఆమెను నిజంగా కదిలించింది మాత్రం ఫుల్‌హామ్‌లో చూసిన ఒక దృశ్యం. అక్కడ దారితప్పిన ఆడవాళ్ళ కోసం సన్యాసినులు ఒక ఆశ్రమం నడిపేవారు. తాను పెరిగిన చోట అట్లాంటి మనిషి నీడను కూడా తప్పుకుని నడుస్తారు. ఇక్కడ చదువుకున్న, గౌరవంగల స్త్రీలు వాళ్ళ గాయాలు కడుగుతున్నారు, పక్కన కూర్చుని అన్నం తింటున్నారు. ఎందుకిట్లా అని ఆమె అడిగింది. జవాబుగా ఒక సన్యాసిని యోహాను సువార్త నాలుగో అధ్యాయం తీసి, బావి దగ్గర సమరయ స్త్రీతో క్రీస్తు మాట్లాడిన కథ వినిపించింది. కులంలో తక్కువది, నడతలో చెడ్డదని పేరుపడ్డది, మధ్యాహ్నపు టెండలో ఒంటరిగా నీళ్ళకు వచ్చింది. అట్లాంటిదాన్ని దేవుడు దాహమడిగాడు. పాడె మొయ్యడానికి కులం తేలాలన్న రాయచూరు రమాబాయికి గుర్తు వచ్చే ఉంటుంది.

అంతమాత్రాన దొరల మతం పుచ్చుకుని దొరసాని అయిపోయిందనుకుంటే పొరపాటు. మాంసం ముట్టలేదు, చీర విడవలేదు. మత విషయాల్లో తాను అర్థం చేసుకోనిదే ఒప్పుకోనని సన్యాసినులతోనూ, బిషప్పులతోనూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి వాదించింది. ఇక్కడ స్వదేశంలో వెలి వేశారు, అక్కడ ఇంగ్లండులో గర్విష్ఠి అన్నారు. పూనాలో జోతిరావు ఫూలే లాంటి కొద్దిమంది మాత్రం ఆమె పక్షాన కలం పట్టారు.

చెల్టన్‌హామ్ మహిళా కళాశాలలో కొంతకాలం చదివి, పాఠాలు చెప్పి, 1886లో అమెరికా వెళ్ళింది. ఫిలడెల్ఫియాలో తమ బంధువు ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా పుచ్చుకునే సభకు పిలుపు వచ్చింది. అక్కడ ఉండగానే, ఉన్నత కులాల హిందూ స్త్రీ బతుకును గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసింది. అది విపరీతంగా అమ్ముడుపోయింది. 1887లో బోస్టన్‌లో ఆమె పేరిట సంఘం ఏర్పడి, పదేళ్ళపాటు డబ్బు పంపుతామని మాట ఇచ్చింది.

శారదా సదనం

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనం తలుపులు తెరిచింది. అది బాలవితంతువులకు బడీ, ఇల్లూ కూడా. మొదటి విద్యార్థినుల్లో గోదూబాయి అనే ఆమెను 1893లో ధోండో కేశవ కర్వే వివాహమాడాడు. తరవాత స్త్రీల విశ్వవిద్యాలయం స్థాపించి, 1958లో భారతరత్న పొందిన కర్వే ఆయనే. 1889 చివర బొంబాయిలో కాంగ్రెసు మహాసభ జరిగితే, స్త్రీ ప్రతినిధులను వెంటబెట్టుకుని వెళ్ళింది కూడా రమాబాయే. మరుసటి ఏడు సదనం పూనాకు మారింది.

సదనంలో మతం బోధించరాదని నియమం. ఎవరి ఆచారం వారిదే. అయితే రమాబాయి తన గదిలో తాను ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు వేసుకునేది కాదు. కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. పో అనడం ఆమె వల్ల కాలేదు. దాని మీద 1893లో పెద్ద దుమారం లేచింది. తిలక్ నడిపే కేసరి పత్రిక తీవ్రంగా విమర్శించింది. రానడే, భండార్కర్ వంటి హితులు కూడా సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది తమ ఆడపిల్లల్ని తీసుకుపోయారు. న్యాయంగా చెప్పాలంటే రెండు పక్షాల్లోనూ కొంత సబబు ఉన్నది. పిల్లలను నమ్మి పంపిన పెద్దల భయం అర్థం చేసుకోదగ్గదే. తన గదిలో తన దేవుణ్ణి కొలుచుకునే హక్కు ఆమెకూ ఉన్నది. తిరిగి వెళ్ళిన పిల్లల్లో ఎందరికి మళ్ళీ పుస్తకం అందిందో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఆమె ఆ దుమారానికి తట్టుకుని నిలబడటానికి కారణం అంతకు రెండేళ్ళ ముందు జరిగింది. బాప్తిస్మమై ఎనిమిదేళ్ళు కావస్తున్నా ఆమె మనస్సుకు నెమ్మది లేదు. తాను ఒక మతాన్ని పట్టుకున్నదే గాని, ఆ మతానికి మూలమైనవాణ్ణి పట్టుకోలేదని ఆమెకు తోచింది. విలియం హాస్లాం అనే ఇంగ్లీషు పాదిరి ఆత్మకథ చదువుతూ, బోధకుడై ఉండి కూడా ఆయన తరవాత ఎప్పుడో మారుమనస్సు పొందాడని తెలుసుకుని ఉలిక్కిపడింది. 1891 ప్రాంతంలో, తన పాండిత్యమూ తన పట్టుదలా రెండూ పక్కన పెట్టి, ఏమీ లేని దానిలా దేవుడి ముందు కూర్చున్నది. రక్షణ ఒకరు ఇచ్చేదిగాని మనం సంపాదించుకునేది కాదని అప్పుడు గ్రహించింది. చిన్నప్పటినుంచీ ఎన్నో వ్రతాలు చేసి పుణ్యం కూడబెట్టాలని చూసి ఆకలితో మాడిన మనిషికి ఈ మాట ఎంత ఊరటో మనం ఊహించుకోవలసిందే.

మళ్ళీ కరువు

అసలు పరీక్ష 1896లో వచ్చింది. మధ్య పరగణాలను కరువు కబళించింది. పేపర్లో ఆ వార్తలు చదివేసరికి, ఇరవై ఏళ్ళకు పైగా లోపల దాచుకున్న తిరుపతి అడవీ, రాయచూరు గుడిసే ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. చేతిలో డబ్బు లేదు. ఉన్న సదనం నడవడమే కష్టంగా ఉన్నది. పూనాలో ప్లేగు ప్రబలింది. ఆ గాయాన్ని మళ్ళీ రేపుకోవడం ఎందుకని తప్పుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కాని ఆమె బయలుదేరింది.

కరువు శిబిరాల్లో ఎముకల గూళ్ళలా ఉన్న పిల్లలు. అక్కడికి ఆడపిల్లల వేటకు వచ్చిన తార్పుడుగాళ్ళు కూడా ఉన్నారు. ఆకలికి ఒక రొట్టె చూపిస్తే చాలు, ఏ పిల్లయినా వెంట నడుస్తుంది. రమాబాయి ఏ గడపలో నిలబడిందో, ఇప్పుడు ఆ పిల్లలు ఆ గడపలో నిలబడి ఉన్నారు. మాట పెగలని నోటికి రొట్టె ఎవరిస్తారన్నదే తేడా. మూడు వందలమందికి పైగా పిల్లల్నీ ఆడవాళ్ళనీ తీసుకుని వచ్చింది. ప్లేగు నిబంధనల వల్ల వాళ్ళను పూనాలో ఉంచడానికి అధికారులు ఒప్పుకోలేదు. పూనాకు నలభై మైళ్ళలో కేడ్‌గావ్ వద్ద అంతకుముందు తోట కోసం సుమారు 100 ఎకరాల బీడు కొని ఉన్నది. ఆ బీట్లో పాకలు వేయించి అందర్నీ అక్కడికి చేర్చింది. అదే ముక్తి సదనం. ఆ రోజుల్లోనే ప్లేగు ఆసుపత్రిలో స్త్రీల యెడల జరుగుతున్న తీరును పత్రికలో రాసి, తెల్లదొరల ప్రభుత్వాన్ని కూడా నిలదీసింది. ఒక మతం వాళ్ళు గదా అని వాళ్ళ తప్పును కప్పిపుచ్చలేదు.

1900లో గుజరాత్ కరువు వచ్చేసరికి ముక్తిలో దాదాపు రెండు వేలమంది చేరారు. ఇంతమందికి ఉచితంగా అన్నం పెట్టి ఊరుకోలేదు. తన కుటుంబం ఎందుకు మాడిపోయిందో ఆమెకు బాగా తెలుసు. చదువు ఉండీ చేతిపని లేక. అందుకే ముక్తిలో ప్రతి పిల్లకూ అక్షరంతోపాటు ఒక పని నేర్పారు. నేత, కుట్టు, పాడి, వ్యవసాయం, నూనె తీయడం, అచ్చుపని – అన్నీ ఆడవాళ్ళే చేసేవారు. దారితప్పిన వాళ్ళకోసం కృపా సదనం పెట్టింది. ఫుల్‌హామ్‌లో చూసింది ఇక్కడ ఫలించింది. కూతురు మనోరమ విదేశాల్లో చదువుకుని వచ్చి, గుడ్డిపిల్లలకు బ్రెయిలీ లిపి నేర్పింది. 1905లో ముక్తిలో పెద్ద ఉజ్జీవం వచ్చింది. వందలమంది పిల్లలు తమ బతుకులోని చేదునంతా ప్రార్థనలో కక్కుకుని, కొత్త మనుషులై లేచారు. 1912 ప్రాంతంలో నాటి నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో కూడా ఒక హైస్కూలు మొదలైంది.

చివరి పని

పెద్దతనంలో ఆమె బైబిలును మరాఠీలోకి తర్జుమా చేయడానికి పూనుకుంది. అందుకోసం హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. అంతకు ముందున్న అనువాదాల్లో సంస్కృత పదాలు దట్టంగా ఉండి, పల్లెటూరి ఆడవాళ్ళకు అందవని ఆమె అభిప్రాయం. బిరుదులు తెచ్చిపెట్టిన సంస్కృతాన్నే ఆమె పక్కన పెట్టి, వంటింట్లో మాట్లాడుకునే మరాఠీ మాటలు ఏరుకున్నది. కరువులో దొరికిన పిల్లలే పెద్దవాళ్ళై అక్షరాలు పేర్చారు, అచ్చువేశారు.

1919లో ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1921 జులై 24న మనోరమ చనిపోయింది. నలభై ఏళ్ళ కూతురు, అన్ని పనుల్లోనూ కుడిభుజం. తల్లినీ, తండ్రినీ, అక్కనూ, అన్ననూ, భర్తనూ సాగనంపిన ఆ ముసలితల్లి, ఆఖరికి కన్నబిడ్డను కూడా సాగనంపింది. అప్పటికీ పని ఆపలేదు. తర్జుమా ముగించి, 1922 ఏప్రిల్ 5న, 64 ఏళ్ళు నిండడానికి పద్ధెనిమిది రోజులుందనగా కన్నుమూసింది. ఆమె నెలకొల్పిన ముక్తి సంస్థ కేడ్‌గావ్‌లో నేటికీ నడుస్తున్నది. భారత ప్రభుత్వం 1989లో ఆమె బొమ్మతో తపాలాబిళ్ళ విడుదల చేసింది.

మనకేమిటి?

గాయాన్ని మరిచిపోవడమే దానినుంచి బయటపడటం అని మనం సాధారణంగా అనుకుంటాం. కాలమే మందు అంటాం. రమాబాయి జీవితం ఇంకొకటి చెబుతుంది. ఆమె ఏదీ మరిచిపోలేదు. రొట్టెముక్కనూ మరిచిపోలేదు, పాడె నాలుగో కొమ్మునూ మరిచిపోలేదు. జరిగినదాన్ని మార్చమని కూడా ఆమె దేవుణ్ణి అడగలేదు. క్రీస్తు దగ్గర ఆమెకు దొరికింది ఏమిటంటే, తాను ఏడ్చిన చోటికే మళ్ళీ వెళ్ళగలిగిన ధైర్యం. ఈసారి ఖాళీ చేతులతో కాదు, రొట్టె పట్టుకుని. తన తల్లికి నాలుగో భుజం దొరకలేదు. దిక్కులేని ఎందరో తల్లులకూ బిడ్డలకూ తానే ఆ భుజమైంది. క్రైస్తవులు నూతన సృష్టి అని చెప్పుకునే మాటకు ఇంతకన్న చక్కని వ్యాఖ్యానం నాకు తెలిసి లేదు.

మన కాలేజీకి వచ్చే విద్యార్థుల్లో కూడా ఇళ్ళలో జరిగినవీ, కులం పేరిట జరిగినవీ, పేదరికం వల్ల జరిగినవీ ఎవరికీ చెప్పుకోలేని బాధలు గుండెల్లో పెట్టుకుని తిరిగేవాళ్ళు ఎందరో ఉంటారు. పక్క బెంచీలో కూర్చున్నవాడికి కూడా ఆ సంగతి తెలియదు. అట్లాంటి మిత్రుడికి రమాబాయి కథ ఒకసారి చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, ఆ రాయచూరు ఇల్లాలు చేసినట్టు, అతడు నోరు విప్పి అడిగేదాకా ఆగకుండా మీ దగ్గర ఉన్న రొట్టెలో సగం పెట్టండి. ఆ ఇల్లాలి పేరు చరిత్రలో ఎక్కడా లేదు. కాని ఆవిడ పెట్టిన ముక్క ఇరవై ఏళ్ళ తరవాత రెండు వేలమందికి అన్నమైంది.